బండి రావట్లేదన్నాడు

టైలరక్కకి ఒళ్ళు మండిందంటే ఆ సంగతి ముందు మిషను చెబుతుంది. మామూలు రోజుల్లో ఆ కుట్టుమిషను తనలో తాను సణుక్కుంటున్నట్టు మెల్లగా నడుస్తుంది. ఆవిడకి కోపమొస్తే మాత్రం గోడకవతల మందుల కొట్టువాడు మాత్రల లెక్క తప్పి మళ్ళీ మొదటికి రావాల్సిందే. ఆ వారం ఆ కొట్టువాడి పని అయిపోయింది. ఆదివారం మధ్యాహ్నం మొదలైన చప్పుడు బుధవారానికి కూడా తగ్గలేదు. బడిపిల్లల చొక్కాలు, హోటలు కర్టెన్లు, ఎవరిదో సోఫా గలీబు, ఏది చేతికొస్తే దాని మీద పడి కుట్టేస్తోంది. కోపం బట్టల మీద కాదు, కట్టుకున్నవాడి మీద అని వీధి వీధంతటికీ తెలుసు.

కట్టుకున్నవాడంటే లిఫ్టాయన. పెద్దాసుపత్రిలో లిఫ్టు నడుపుతాడు. పొద్దస్తమానం ఒక ఇనప పెట్టెలో నిలబడి పైకీ కిందికీ తిరగడమే ఉద్యోగం. పసిబిడ్డల్ని ఎత్తుకున్నవాళ్ళు, కళ్ళు తుడుచుకునేవాళ్ళు, అన్నల్నీ నాన్నల్నీ చక్రాల కుర్చీలో తోసుకెళ్ళేవాళ్ళు, అందరూ ఆయన పక్కనే నిలబడి ఎక్కుతారు, దిగుతారు. ఆయన మాత్రం తలుపు మీద వెలిగే అంకె వైపే చూస్తాడు. ఒక్క మొహం గుర్తుండదు. అలాంటి మనిషికి బారుగా పరిగెత్తి కనుచూపు మేర దాటిపోయేదాని మీద మోజు పుట్టిందంటే, పోనీలే పాపం అనుకోవచ్చు. పెళ్ళైన కొత్తలో టైలరక్క కూడా పోనీలే పాపం అనే అనుకుంది. ఆ పాపమే తన మెడకి చుట్టుకుందని ఇప్పుడంటుంది.

ఆదివారం తెల్లారితే ఆయన స్టేషన్లో ఉంటాడు. ఎక్కడికీ వెళ్ళడు, ఎవర్నీ దింపడు, ఎవరికోసమూ ఎదురుచూడడు. ప్లాట్‌ఫారం చిట్టచివర, కూలీలు కూడా రాని చోట ఒక సిమెంటు బల్ల ఉంది. ఆ బల్ల మీద ఈయనా, రిటైరైన లెక్కల మాస్టారూ, ఇంకో ఇద్దరు ముగ్గురు పనీపాటా లేనివాళ్ళూ కూర్చుని వచ్చే ఇంజన్నీ పోయే ఇంజన్నీ చూస్తారు. పాతవాటిని చూస్తే పండగ, కొత్తవాటిని చూస్తే మూతి విరుపులు. వాళ్ళకో పద్ధతి ఉంది. కళ్ళారా చూస్తేనే చూసినట్టు. చప్పుడు విన్నా, ఫోటో చూసినా, పక్కవాడు చెప్పినా చెల్లదు. వెధవ పద్ధతి అంటుంది టైలరక్క, కానీ ఆవిడకీ అది కంఠతా వచ్చు.

వాళ్ళకో భాష కూడా ఉంది. అసలు కొంప ముంచింది ఆ భాషే. లోకంలో అందరికీ బండి అంటే మొత్తం రైలు. వీళ్ళకి బండి అంటే ఇంజను ఒక్కటే. వెనకాల జనం కూర్చునేవి పెట్టెలు. అంటే మనుషులున్నదంతా ఉత్త సామాను. అందులోనూ లిఫ్టాయనకి బండి అంటే ఒకే ఒక్క బండి. దానికి ఆ బల్ల మీదవాళ్ళు ముసలమ్మ అని పేరు పెట్టారు. నల్లగా పొగ కక్కే పాత డీజిల్ ఇంజను. ఆదివారం మధ్యాహ్నం ఎక్స్‌ప్రెస్సుని లాక్కుని వచ్చేది. అది వచ్చి, ఆగి, దగ్గి, కదిలి వెళ్ళిపోయాక గానీ ఈయన ఇంటికి రాడు, అన్నం ముట్టడు.

అందుకని ప్రతి ఆదివారం ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి ఫోను చేస్తుంది. "బండి వచ్చిందా?" అంటుంది. "వచ్చింది, బయల్దేరుతున్నా" అంటే గిన్నెలు దించుతుంది. "ఇంకా రాలేదు" అంటే మూతపెట్టి తిట్టుకుంటుంది. నాకు సవతి ఉంది, అదీ ముసలిది, పైగా పొగ తాగుతుంది అని వచ్చినవాళ్ళకల్లా చెప్పుకుని నవ్వించేది. ఇలా ఏళ్ళ తరబడి ఆయన మాటే తన నోటికీ అలవాటైపోయింది. ఏ పాడు ఘడియలో అలవాటైందో గానీ, ఆవిడకి తన పళ్ళు తనే రాలగొట్టుకోవాలన్నంత కోపం ఇప్పుడు ఆ మాట మీద.

ఎందుకో చెప్పాలంటే తమ్ముడి సంగతి చెప్పాలి.

టైలరక్కకి తోడబుట్టినవాడు ఒక్కడే. వైరింగు పని చేస్తాడు, పక్క జిల్లాలో ఉంటాడు. చిన్నప్పుడు అమ్మ మిషను ముందు ఇద్దరూ కూర్చుని, అక్క గుడ్డ తోస్తుంటే తమ్ముడు చక్రం తిప్పేవాడు. ఆ మిషను కుట్టు కాస్త కుడికి వాలుతుంది. ఎంతమంది మెకానిక్కులు చేతులు పెట్టినా అది బాగుపడలేదు. అమ్మ పోయాక టైలరక్క వ్యాను మాట్లాడి మిషను తెచ్చేసుకుంది. ఆ పూట తమ్ముడు పనిలో ఉన్నాడు. మరదలితో చెప్పే తెచ్చింది. మరదలు మొగుడితో చెప్పడం మరిచిపోయింది, లేదా మరిచిపోయినట్టు ఊరుకుంది. తమ్ముడు ఇంటికొచ్చి ఖాళీ మూల చూసుకున్నాడు. అంతే, బంధువులంతా కూర్చుని ఉండగా వచ్చి, "దొంగలా పట్టుకుపోయావు" అన్నాడు. తనని ఎత్తుకుని పెంచిన అక్కని పట్టుకుని దొంగ అన్నాడు. ఆవిడ ఊరుకునే మనిషా? అనాల్సినవీ అనకూడనివీ అన్నీ అంది. ఆ రోజు తెగిన మాట తెగినట్టే ఉండిపోయింది. పెళ్ళిళ్ళలో ఎదురుపడ్డా వాడు ఈ గుమ్మంలోంచి వస్తే ఈవిడ ఆ గుమ్మంలోంచి వెళ్ళిపోయేది.

అలాంటిది, పోయినవారం పిన్ని ఫోను చేసింది. పిన్ని అంటే అమ్మ చెల్లెలు, అటు మాటలు ఇటూ ఇటు మాటలు అటూ మోసే మనిషి. "వాడు ఎక్కడో దూరాన కొత్త పని చూసుకోడానికి వెళ్తున్నాడే. ఆదివారం మధ్యాహ్నం బండి మీ స్టేషన్లో కాసేపు ఆగుతుంది కదా. తలుపు దగ్గర నిలబడతాను, అక్క వస్తే చూస్తాను అన్నాడు. అంతే అన్నాడు. నువ్వు మళ్ళీ పొడుగు చెయ్యకు" అంది.

టైలరక్క పొడుగు చెయ్యలేదు. ఫోను పెట్టేసి, మంచి గుడ్డ తీసి, చొక్కా కత్తిరించింది. కొలతలు ఎక్కడున్నాయి గనక? పదేళ్ళప్పుడు గోడ మీంచి పడి వాడికి ఎడమ భుజం కాస్త కిందికి జారింది. రెడీమేడ్ చొక్కా ఏది వేసినా ఆ పక్క వేలాడుతుంది. ఆ జారుడు ఎంతో ఆవిడ వేళ్ళకి తెలుసు. మొత్తం గుర్తుమీదే కుట్టింది. ఆదివారం వంట కూడా మానేసి ఆఖరి గుండీ కుట్టుకుంటూ, బయల్దేరేముందు, రైళ్ళెప్పుడూ ఆలస్యమే కదా అని మొగుడికి ఫోను చేసింది. "బండి వస్తోందా?" అంది.

"లేదు, ఇవాళ బండి రావట్లేదు. తీసేశారు" అన్నాడాయన. గొంతు ఎంత దిగులుగా ఉందంటే, ఆవిడకే జాలేసింది. తన తమ్ముడి కోసం ఈయన కూడా ఎంత బాధపడుతున్నాడో అనుకుంది, పిచ్చిమొహం. చొక్కా మడతపెట్టి కవర్లో పెట్టి, మిషను మీద ఉంచి కూర్చుంది.

మధ్యాహ్నం ఆయన మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ చెప్పాడు. "ముసలమ్మ పనైపోయింది. దాని బదులు కొత్త కరెంటు ఇంజను తగిలించారు. మేం తెల్లమూతి అంటామే, అది. చప్పుడూ లేదు, పాడూ లేదు. పెట్టెలు మాత్రం అవే. టైముకే వచ్చింది, వెళ్ళిపోయింది."

"ఏది టైముకే వచ్చింది?" అంది ఆవిడ.

"అదే, ఎక్స్‌ప్రెస్సు."

ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో మందుల కొట్టువాడు విన్నాడు గానీ, ఎవరికీ చెప్పలేదు. లిఫ్టాయన చెప్పుకోగలిగింది ఒకటే మాట. "నువ్వు బండి అన్నావు, నేను బండి అన్నాను." అది విన్నకొద్దీ ఆవిడకి ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. ఎందుకంటే అందులో నిజముంది. ప్రతి ఆదివారం అడిగే మాటే అడిగింది. ఆయన ప్రతి ఆదివారం చెప్పేలాగే చెప్పాడు. "నా తమ్ముడొస్తున్నాడని రెండుసార్లు చెప్పాను కదండీ" అంటే, "విన్నాను, కానీ అది పెట్టెల సంగతి కదా" అన్నాడు. అన్నాక, తనేం అన్నాడో తనకే తెలిసి నోరు మూసుకున్నాడు.

తమ్ముడికి ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేసింది, మళ్ళీ ఎత్తలేదు. బుధవారం పిన్నే చేసి నిప్పులు చెరిగింది. "రాకపోతే రాకపోయావు. మీ ఆయన్నెందుకే పంపావు? వాడు తలుపు పట్టుకుని వేలాడుతూ చూస్తుంటే, బావ ప్లాట్‌ఫారం చివర నిలబడి, బండిని చూసి, థూ అని ఉమ్మి, మొహం తిప్పుకున్నాడట. వాడి కళ్ళతో వాడు చూశాడు. రేపు సాయంత్రం తిరిగి అదే బండిలో వస్తున్నాడు. కిటికీ కూడా తెరవనన్నాడు. ఇంక ఇల్లే మార్చేస్తున్నాడు, ఈ దారిన మళ్ళీ రాడు. సంతోషమా మీ ఇద్దరికీ?"

టైలరక్క ఫోను పెట్టేసి మిషను ఆపింది. కొట్టువాడు అవతల ఊపిరి బిగబట్టాడు.

"ఉమ్మారా?" అంది మొగుడితో.

"తెల్లమూతిని చూసి" అన్నాడాయన మెల్లగా. "నీ తమ్ముణ్ణి నేను చూడనే లేదు. ఆ వైపు చూడలేదు. చూసినా..." అని ఆగిపోయాడు.

"చూసినా?"

"మొహం గుర్తుపట్టేవాణ్ణో లేదో."

"పెళ్ళిలో మీ కాళ్ళకి చెప్పులు తొడిగినవాడండీ. మీకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నవాడు. వాడి మొహం గుర్తులేదు గానీ, ఆ ముసలిదానికి ఏ పక్క సొట్టో మాత్రం చెప్పగలరు."

"ఎడమ" అన్నాడు.

"ఏంటి ఎడమ?"

"సొట్ట. ఎడమ పక్క, కిటికీ కింద."

ఆవిడ చేతిలో కొలతల టేపు ఉండబట్టి సరిపోయింది, కత్తెర ఉంటే ఏమయ్యేదో. టేపు ఆయన మొహాన విసిరి, కవర్లోంచి చొక్కా లాగి ఆయన ముందు పరిచింది. "నా తమ్ముడికీ ఎడమ పక్కే" అంది. "చూడండి. ఈ భుజం ఇంత దిగి ఉంటుంది. నడిచినా, నిలబడినా, నిద్రపోయినా అంతే. మొహాలు గుర్తుండవు కదా మీకు. సొట్టలు గుర్తుంటాయి కదా. దీన్నైనా గుర్తుపెట్టుకోండి."

ఆయన ఆ చొక్కా మీద వేలు పెట్టి, ఎడమ కుట్టు వెంబడి పైనుంచి కిందికి జరిపాడు. మళ్ళీ జరిపాడు. పాపం అనిపించాల్సిన చోట ఆవిడకి ఇంకా మండింది. ఇన్నేళ్ళలో తన కుట్టుని ఆయన చేత్తో తాకి చూడటం అదే మొదలు మరి.

సరిగ్గా అప్పుడే లెక్కల మాస్టారు గుమ్మంలో నిలబడి దగ్గాడు. ఇంట్లో గాలి ఎటు వీస్తోందో ఆయనకేం తెలుసు. "లిఫ్టూ, రేపు సాయంత్రం బండి వెళ్ళిపోతోందయ్యా. తుక్కు కింద ముక్కలు చెయ్యడానికి లాక్కుపోతున్నారట. మనవాళ్ళంతా వస్తున్నారు. ఇదే ఆఖరు చూపు" అన్నాడు.

"ఏ బండి మాస్టారూ?" అంది టైలరక్క, చాలా మర్యాదగా.

మాస్టారు ఆవిడ మొహం చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

గురువారం సాయంత్రం ఇద్దరూ స్టేషనుకి వెళ్ళారు. దారిపొడుగునా ఆవిడ ముందు, ఆయన వెనక. స్టేషను కిటకిటలాడుతోంది. ప్లాట్‌ఫారం అంత పొడుగు, ఆగేది కాసేపు, వాడు ఏ పెట్టెలో ఉన్నాడో తెలీదు. లోపలికొచ్చాక ఆవిడ చెయ్యి చాపి చూపించింది. "ఇంజను వైపు నేనుంటా. మీరు తోక వైపు వెళ్ళండి. బల్లవైపు చూశారో, ఇంక ఇంటికి రానక్కర్లేదు." ఆయన తలూపి, తన జన్మలో ఎన్నడూ నిలబడని చోటుకి, ఇంజను కంటికైనా ఆనని చోటుకి, నడుచుకుంటూ వెళ్ళాడు. అటు చివర బల్ల మీద మాస్టారూ మిగతావాళ్ళూ లేచి నిలబడి ఉన్నారు. పిలిచారు. ఆయన తిరగలేదు.

ఎక్స్‌ప్రెస్సు వచ్చింది. తెల్లమూతి ఆవిడ ముందునుంచే జారి ఆగింది. నిజంగానే చప్పుడు లేదు దానికి. జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు, తోసుకుంటున్నారు. ఆవిడ ఒక్కో కిటికీలోకీ మొహం పెట్టి చూసుకుంటూ పోతోంది. అద్దాల వెనక ఎవరెవరో తింటున్నారు, నిద్రపోతున్నారు. ఒకావిడ కసురుకుంది కూడా. ఈవిడ అంతకన్నా గట్టిగా కసిరింది. ఇంకా సగం దూరం కూడా రాకముందే ఫోను మోగింది.

"ఆఖరి పెట్టె" అన్నాడు మొగుడు. "భుజం. వాడే. పరిగెత్తు."

పరిగెత్తింది. చెప్పు తెగితే దాన్ని అక్కడే వదిలేసింది. ఆవిడ అటు పరిగెడుతుంటే పక్క పట్టాల మీద, ఆవిడకి ఎదురుగా, ఒక బండి మెల్లగా వస్తోంది. ముందు ఇంకో తెల్లమూతి, దాని వెనక తాడు కట్టి ఈడ్చినట్టు నల్లటి ముసలమ్మ. పొగ లేదు, దగ్గు లేదు. ముందు దీపం ఊడబీకేశారు, అక్కడ ఉత్త కన్నం. ఎడమ పక్క, కిటికీ కింద, సొట్ట. బల్లవైపు నుంచి మాస్టారు గొంతు చించుకుని అరుస్తున్నాడు, "లిఫ్టూ, బండి, బండి" అని. టైలరక్కకి ఆ పరుగులో కూడా ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు చాకిరీ చేయించుకుని, పంపేటప్పుడు కళ్ళు పీకి పంపుతారా ఎవర్నైనా.

ఆఖరి పెట్టె తలుపు దగ్గర మొగుడు కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. వీపు ముసలమ్మ వైపు. లోపల తమ్ముడు, ఎడమ భుజం కిందికి జారి, గడ్డం నెరిసి, మొహం అటు తిప్పుకుని ఉన్నాడు.

"ఉమ్మేసి మొహం తిప్పుకున్నవాడివి, ఇప్పుడు దిగమంటావా?" అంటున్నాడు.

"నిన్ను చూసి కాదురా. నీ బండిని చూసి."

"నా బండేం చేసింది బావా?"

"అది వేరే బండి" అన్నాడు లిఫ్టాయన. తన జీవితంలో అంతకన్నా నిజమైన మాట ఆయన అనలేదు, దాన్ని నమ్మేవాడు మాత్రం ఆ ప్లాట్‌ఫారం మీద ఒక్కడూ లేడు.

రైలు కదిలింది. ఆయన కడ్డీ వదలకుండా పక్కన నడుస్తున్నాడు. టైలరక్క వచ్చి పడింది. దారంతా ఏమేం అనాలో అనుకుంటూ వచ్చింది. తమ్ముడూ అని పిలవాలనీ, బాగున్నావా అనాలనీ, మిషను కావాలంటే తీసుకుపోరా అనాలనీ అనుకుంది. ఆ నెరిసిన గడ్డం చూసేసరికి అన్నీ పోయి కోపమొక్కటే మిగిలింది. "ఫోను చేస్తే ఎత్తాలని తెలీదట్రా వెధవా" అంది. కవరు వాడి గుండెలకేసి కొట్టినట్టు తోసింది. వాడు పట్టుకున్నాడు. నోరు తెరిచాడో లేదో, పెట్టె జారిపోయింది.

ఇద్దరూ ఖాళీ పట్టాల ముందు నిలబడిపోయారు. అవతలి పట్టాలూ ఖాళీ అయిపోయాయి. మాస్టారు ఆయాసపడుతూ వచ్చి, "చూశావా లిఫ్టూ?" అన్నాడు. లిఫ్టాయన తల అడ్డంగా ఊపాడు. వాళ్ళ పద్ధతి ప్రకారం మాస్టారికి ఇంక అడగడానికేం లేదు. వెళ్ళిపోయాడు.

దగ్గర్లో ఉన్న బల్ల మీద టైలరక్క కూలబడింది. ఒక కాలికి చెప్పు లేదు. మొగుడు వెతికి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, కాస్త దూరంగా కూర్చున్నాడు. "నువ్వు చూశావుగా" అన్నాడు, ఎటో చూస్తూ. "ముసలమ్మకి దీపం వెలిగించారా?"

ఆవిడ తిట్టడానికి నోరు తెరిచింది గానీ, ఆ కన్నం గుర్తొచ్చి, మూసుకుంది. తిట్టలేకపోయినందుకు ఇంకా కోపమొచ్చింది. తమ్ముడు కవరు విప్పకుండా కిటికీలోంచి పారేసినా పారేస్తాడు అనుకుంది. మొండి వెధవ. ఎంతైనా తన తమ్ముడే కదా.

ఫోను మోగింది. తమ్ముడి పేరు. ఎన్నేళ్ళ తర్వాతో. ఆవిడ వెంటనే ఎత్తలేదు, కాసేపు మోగనిచ్చింది, అంత కోపం. తర్వాత చెవికి పెట్టుకుంది.

అవతల రైలు చప్పుడు. ఆ చప్పుడులోంచి వాడి గొంతు. "వేసుకున్నానే. అమ్మ మిషనే కదూ? కుట్టు వాలింది, చూడగానే తెలిసిపోయింది." తర్వాత, ముక్కు ఎగబీలుస్తూ, "ఒసేయ్ దొంగదానా, కొలతల్లేకుండా నా భుజం ఎలా పట్టావే" అన్నాడు.

టైలరక్క ఫోను చెవికి నొక్కుకుని, చేతిలో ఉన్న చెప్పుతోనే కళ్ళు తుడుచుకోబోయి, కొంగు వెతుక్కుంది. అవతల సిగ్నల్ పోయింది.

మొగుడు మెల్లగా జరిగి దగ్గరికొచ్చాడు. "ఏమన్నాడు?"

నాలుగు రోజుల తర్వాత ఆవిడ ఆయనతో మామూలు గొంతుతో అన్న మొదటి మాట అది. "దొంగ అన్నాడు."

లిఫ్టాయన లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. "మళ్ళీనా?" అన్నాడు.